డబుల్ జంప్‌ల దగ్గర ఆగిన అమ్మాయి కొరియోగ్రాఫర్ కాగలదా?

ప్రశ్న: మాది గుంటూరు. కెనడాలోని మిస్సిసాగాలో స్థిరపడ్డాం. మా అమ్మాయికి 15 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా మంచు మీద చేసే ఫిగర్ స్కేటింగ్, పియానో రెండూ నేర్చుకుంటోంది. జంప్‌లు డబుల్ (గాలిలో రెండు చుట్లు) దగ్గరే ఆగిపోయాయి. ఇప్పుడు స్కేటింగ్ కొరియోగ్రాఫర్ అవుతానంటోంది. దాని మీద బతకగలదా అని టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: మీ టెన్షన్‌కు కారణం ఉందమ్మా. కొరియోగ్రఫీ ఒక్కదాని మీదే బతికేవాళ్లు కొద్దిమందే. చాలామంది కోచింగ్ కూడా చేస్తారు. కానీ జంప్‌లు ఆగిపోయాయని దిగులు పడకండి. జపాన్ స్కేటర్ మావో అసాదాకు, షోపాన్ రాసిన నాక్టర్న్ అనే పియానో సంగీతం మీద షార్ట్ ప్రోగ్రామ్ (పోటీలో చేసే చిన్న ప్రదర్శన) కూర్చిన లోరీ నికోల్‌కు ఒలింపిక్ పతకాలేమీ లేవు. బ్రిటిష్ స్కేటర్ జాన్ కర్రీ బృందంలో ప్రదర్శనలిస్తూ ఎదిగారు.

ముందు మీరిద్దరూ కూర్చుని 2018 ఒలింపిక్స్‌లో జపాన్ స్కేటర్ యుజురు హన్యు చేసిన షార్ట్ ప్రోగ్రామ్ చూడండి. షోపాన్ జి మైనర్ బల్లాడ్ అనే పియానో సంగీతానికి కొరియోగ్రాఫర్ జెఫ్రీ బటిల్ కూర్చినది. 111.68 మార్కులు వచ్చాయి. మొదటి స్వరాలకు హన్యు కదలకుండా నిలబడతాడు. సుమారు తొమ్మిది నిమిషాల సంగీతాన్ని మూడు నిమిషాల లోపుకు కుదించాల్సిన చోట కూడా ఆ నిశ్చలతకు చోటిచ్చారు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోవడమే ఈ పనిలో అసలు కష్టం.

పియానో మీట నొక్కగానే స్వరం ఠక్కున పుట్టి, మెల్లగా సన్నగిల్లుతుంది. స్కేటర్ జంప్ దిగి ఒంటికాలి మీద వెనక్కి జారుతూ పోవడం కూడా అచ్చం అలాగే ఉంటుంది. రెండూ కలిస్తే ఒళ్లు పులకరిస్తుంది. అర సెకను తప్పినా చూసేవాళ్లకు తెలిసిపోతుంది. పియానో వాయించే మీ అమ్మాయికి ఇది వేళ్లకే తెలుసు. అది చిన్న బలం కాదు.

అందుకే తనకు ఒక పని అప్పజెప్పండి. షోపాన్ నాక్టర్న్ ఓపస్ 9, నంబర్ 2 తీసుకుని, షార్ట్ ప్రోగ్రామ్ నిడివి 2 నిమిషాల 40 సెకన్లకు కత్తిరించమనండి. పాటలు కత్తిరించే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. అతుకు వినపడకూడదు. తర్వాత జంప్‌లు లేకుండా అడుగులు, స్పిన్‌లు, చేతుల కదలికలే కూర్చి, క్లబ్‌లో తనకంటే చిన్న పిల్లకు నేర్పమనండి. తన ఒంటికి నప్పింది ఇంకొకరికి నప్పదని అప్పుడే తెలుస్తుంది. వీడియో తీసి, ఒకసారి శబ్దం ఆపేసి చూడమనండి. సంగీతం లేకపోయినా పాట కనపడుతోందా?

స్కేటింగ్ మాత్రం మాన్పించొద్దు. మంచు మీద స్కేట్ బ్లేడు అంచుల పట్టు లేకపోతే తను ఎవరికీ నేర్పడం కుదరదు. దేశంలో స్కేటింగ్‌ను నడిపే సంస్థ స్కేట్ కెనడా ఇచ్చే కోచింగ్ శిక్షణ గురించి క్లబ్‌లో అడగండి. చేతిలో ఆ సర్టిఫికెట్ ఉంటే కాలేజీ రోజుల్లోనే కొంత సంపాదన ఉంటుంది. డిగ్రీకి డాన్స్, సంగీతం, కినీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) ఏదైనా పనికొస్తుంది. నేనైతే కినీసియాలజీ వైపే మొగ్గుతాను. ప్రోగ్రామ్‌లు దొరకని ఏడాది కూడా ఇంకో ఉద్యోగం చూసుకోవచ్చు.

కొత్త ప్రోగ్రామ్‌లు ఎక్కువగా వసంతంలో, వేసవిలో కూరుస్తారు. ఈ వేసవికి ఆ నాక్టర్న్ పూర్తి చేయనివ్వండి. ఆ వీడియో చూశాక గ్రేడ్ 11 సబ్జెక్టుల గురించి మళ్లీ రాయండి.