జామకాయ కొరికింది ఉడుతా, రామచిలుకా?

అమలాపురం దగ్గర పెరట్లో జామకాయల్ని కొరికేది ఉడుతా, రామచిలుకా అని అడిగారు. కాయనే చూడండి. ఉడుత ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అందుకే అది ఎప్పుడూ ఏదో ఒకటి కొరుకుతుంది. కొరికినచోట సన్నటి గాట్లు జంటలుగా పడతాయి. చిలుకకి పైముక్కు కూడా కదులుతుంది కాబట్టి గుజ్జును పెద్ద ముక్కలుగా పెకిలిస్తుంది, సగం తిని కింద పడేస్తుంది. తినే తీరూ వేరే. ఉడుత రెండు చేతులతో పట్టుకుంటుంది, చిలుక ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో. ముందుకు రెండు, వెనక్కి రెండు వేళ్లుండటంవల్లే ఆ పట్టు, చూడముచ్చటగా ఉంటుంది! రెండూ పగలే తిరుగుతాయి. కాయలు రాత్రిపూట పోతే గబ్బిలాన్నో ఎలుకనో అనుమానించాలి. చిలుకని పట్టి పంజరంలో మాత్రం పెట్టకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పక్వానికొచ్చే కాయలకి గుడ్డసంచులు కట్టండి.