అడ్డపొగ తాగే అమ్మకు అంగిలిపై మచ్చ.. నొప్పి లేదు కదా, ముక్క పరీక్ష తప్పదా?

ప్రశ్న: మాది కవిటి మండలంలో ఓ పల్లె. మా అమ్మకు 61 ఏళ్లు. పెళ్లయిన కొత్తలోనే అడ్డపొగ, అంటే నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం, అలవాటైంది. ఇప్పటికీ రోజుకు మూడు నాలుగు చుట్టలు కాలుస్తుంది. పైపన్ను ఒకటి కదులుతోందంటే పీకించడానికి తీసుకెళ్లాను. అంగిలి మీద తెల్లమచ్చ ఉంది, అందులో ఒకచోట ఎర్రగా ఉంది, ముక్క తీసి పరీక్షకు (బయాప్సీకి) పంపాలని డెంటల్ డాక్టర్ చెప్పారు. అమ్మకు నొప్పి, మంట ఏమీ లేవు. కత్తి తగిలితే జబ్బు పాకుతుందని ఇంట్లో వాళ్లు వద్దంటున్నారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9 ఉంది కాబట్టి మాకు ఇంకా టెన్షన్‌గా ఉంది. పన్ను ఒక్కటీ పీకించేసి, చుట్ట మాన్పించి కొన్నాళ్లు చూస్తే సరిపోదా? మానలేకపోతే నిప్పు బయటికి పెట్టి కాల్చుకోమంటే పర్వాలేదా?
- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముక్క పరీక్ష వాయిదా వేయకండమ్మా. వీలైతే ఈ వారంలోనే చేయించండి. పన్ను సంగతి ఆ తర్వాత చూద్దాం. చుట్ట ఈ రోజు నుంచే మాన్పించండి. అయితే మానేశాక చూద్దామని పరీక్షను ఆపకండి. నొప్పి లేదు కదా అనే ధైర్యం ఈ జబ్బు విషయంలో పనికిరాదు. కేన్సర్‌గా మారే అవకాశమున్న మచ్చలు సాధారణంగా నొప్పి పుట్టించవు. మొదటి దశ కేన్సర్ కూడా చాలామందిలో నొప్పి లేకుండానే ఉంటుంది. నొప్పి మొదలయ్యాక వచ్చేవారిలో అది చాలాసార్లు ఎముకను పట్టేసి ఉంటుంది. అప్పుడు చిన్న ఆపరేషన్‌తో పోయేది కాదు.

మామూలుగా చుట్ట, బీడీ కాల్చేవారి అంగిలి కూడా తెల్లబారుతుంది. లాలాజల గ్రంథుల రంధ్రాలు వాచి చిన్న ఎర్రచుక్కల్లా కనిపిస్తాయి. పొగ మానేస్తే అది చాలావరకు తగ్గిపోతుంది, కేన్సర్‌గా మారే భయం బాగా తక్కువ. అడ్డపొగ తాగేవారి మచ్చకు మాత్రం ఈ భరోసా లేదు. నిప్పు ఉన్న కొస నోట్లోనే ఉంటుంది కాబట్టి లోపలి గాలి వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుందని కొలిచి చూశారు. పొగాకులోని విషాలకు తోడు రోజూ ఈ కాల్పు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రం నిపుణులు 2020లో కూర్చుని, కేన్సర్‌గా మారే అవకాశమున్న నోటి జబ్బుల జాబితాను సవరించినప్పుడు, అడ్డపొగ తాగేవారి అంగిలి మచ్చలను అందులో విడిగా పేర్కొన్నారు.

ఈ విషయం మొదట తేలిన చోట్లలో మీ జిల్లా ఒకటి. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ తరఫున డాక్టర్ ఫలీ మెహతా, డెన్మార్క్‌కు చెందిన డాక్టర్ పిండ్‌బోర్గ్ వంటివారు శ్రీకాకుళం పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు పరీక్షించారు. ఫలితాలు 1971లో అచ్చయ్యాయి. నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగుతున్నట్టు, వారిలో ఆడవాళ్లే ఎక్కువని తేలింది. మన దేశంలో మిగతా చోట్ల నోటి కేన్సర్ ఎక్కువగా బుగ్గల్లో, చిగుళ్ల దగ్గర, నాలుకపై వస్తుంది. ఈ తీరప్రాంతంలో అంగిలికి వస్తుంది. కాబట్టి ఆరోగ్య శిబిరంలో నోరు తెరవమని బుగ్గలు మాత్రం చూసి పంపేస్తే ఇక్కడ సరిపోదు. తల వెనక్కి వంచి, టార్చి వేసి అంగిలి చూడాలి. ముప్పై ఏళ్లు దాటినవారికి చేసే నోటి పరీక్షలో మన ఏఎన్‌ఎంలు ఇది తప్పకుండా చేయాలని నా గట్టి కోరిక.

మీ అమ్మగారి మచ్చలో నాకు ఆందోళన కలిగించేది తెలుపు కాదు, ఎరుపు. తెల్లమచ్చ మధ్య మెత్తగా, ఎర్రగా ఉన్నచోట కణాల్లో మార్పులు ఉండే అవకాశం ఎక్కువ. అది కంటితో చూసి తేల్చే విషయం కాదు. ఎన్నేళ్ల అనుభవమున్న డాక్టరైనా మైక్రోస్కోపు కింద చూపించాల్సిందే.

కత్తి తగిలితే పాకుతుందన్న భయం ఎంతో మందిని ఆలస్యంగా తీసుకొస్తోంది. ముక్క తీయడం వల్ల కేన్సర్ రాదు, పాకదు. పరీక్ష చేయించాక పెద్ద జబ్బని తెలిసిన ఇళ్లల్లో, పరీక్ష వల్లే వచ్చిందన్న మాట పుట్టింది. జబ్బు అప్పటికే లోపల ఉంది, పరీక్ష దాన్ని చూపించింది, అంతే. చేసే విధానం కూడా చెబుతాను, అమ్మగారికి వివరించండి. ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. అంగిలికి ఇచ్చే సూది కాస్త గట్టిగానే చురుక్కుమంటుంది, ఆ మాట ముందే చెప్పండి. తర్వాత నొప్పి తెలియదు. కొందరు డాక్టర్లు నీలి రంగు మందు పూసి అనుమానమున్న చోటు ఎంచుకుంటారు. కొన్ని మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. ఒకటి రెండు కుట్లు పడొచ్చు, అసలు పడకపోవచ్చు. కొద్ది రోజులు కారం, వేడి పదార్థాలు మానితే వారం పది రోజుల్లో మానిపోతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.

కదిలే పన్ను మచ్చకు దగ్గర్లో ఉంటే ఇంకా జాగ్రత్త అవసరం. పన్ను కదలడానికి చిగుళ్ల జబ్బు కారణం కావచ్చు. పొగ తాగేవారి చిగుళ్ల నుంచి రక్తం తక్కువ కారుతుంది కాబట్టి ఆ జబ్బు పైకి కనిపించదు కూడా. కానీ లోపల ఎముకను కేన్సర్ తినేయడం వల్ల కూడా పన్ను వదులవుతుంది. ఎక్స్‌రే తీయకుండా, ముక్క పరీక్ష రాకుండా పీకేస్తే, మానని ఆ పుండు పన్ను పీకినందుకే అనుకుంటూ నెలలు గడిచిపోతాయి.

క్రియాటినిన్ పెరిగినంత మాత్రాన ఈ చిన్న పరీక్షకు అడ్డు లేదు. ప్రమాదమంతా నొప్పి మాత్రల్లోనే ఉంది. మీ ఉద్దానం ప్రాంతంలో మందుల షాపులో పన్ను నొప్పి అనగానే చేతిలో పెట్టే డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మీ అమ్మగారికి అసలు వద్దు. డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వాడొచ్చు. కిడ్నీ రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి, యాంటిబయోటిక్ అవసరమైతే మోతాదు చూసి రాస్తారు.

నిప్పు బయటికి పెట్టి కాల్చడం పరిష్కారం కాదు. వేడి తగ్గుతుంది, పొగాకు విషం తగ్గదు. ఖైనీ, గుట్కాకు మారడమూ అంతే. అకస్మాత్తుగా మానేస్తే రెండు మూడు వారాలు చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. తిడితే మానరు. ఆమె ఇన్నేళ్లూ వంట చేస్తూ, తోటలో పనిచేస్తూ తోడుగా పెట్టుకున్న అలవాటు అది. నికోటిన్ చూయింగ్ గమ్ కదిలే పళ్లతో నమలడం కష్టం, అంగిలికీ మంట. చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ నయం, కిడ్నీ డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి. పొగాకు మానాలనుకునేవారి కోసం జాతీయ ఉచిత ఫోన్ నంబర్ 1800-112-356 ఉంది.

శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో ముందు చూపించండి. రిపోర్టులో కేన్సర్ అని వస్తే విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు వెంట ఉంచుకోండి. కణాల్లో మార్పు ఎక్కువగా ఉందని వస్తే మచ్చను కోసి గానీ లేజర్‌తో గానీ తీసేస్తారు. ఏ మార్పూ లేదని గానీ, స్వల్పంగా ఉందని గానీ వస్తే చుట్ట మానేసి మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. ఈ మచ్చ కేన్సర్‌గా మారకుండా ఆపుతుందని రుజువైన విటమిన్ మాత్ర గానీ, పూత మందు గానీ ఇప్పటికి లేదు. అలా చెప్పి ఎవరైనా అమ్మితే కొనకండి. రిపోర్టు బాగుందని వచ్చినా, రెండు వారాలు దాటినా మానని పుండు, కొత్తగా ఎరుపు, తాకితే రక్తం కనిపిస్తే తర్వాతి తేదీ కోసం ఆగకుండా తీసుకెళ్లి రెండోసారి ముక్క తీయించండి.