38 ఏళ్లకు తొలి కాన్పు.. రిపోర్టులో ‘హై రిస్క్’ అని వచ్చింది, ఉమ్మనీరు పరీక్ష తప్పదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 38. మాది చిత్తూరు. పెళ్లయిన 11 ఏళ్లకు ఇప్పుడు తొలిసారి కడుపు నిలిచింది. 12 వారాలు దాటాయి. ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి పొర మందం కొలిచే స్కాన్) బాగుందన్నారు. 1.6 ఎంఎం అని, ముక్కు ఎముక కనిపించిందని రాశారు. కానీ డబుల్ మార్కర్ అనే రక్త పరీక్ష రిపోర్టులో డౌన్ సిండ్రోమ్ దగ్గర 1:160, ‘హై రిస్క్’ అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. దాని పైన ఏజ్ రిస్క్ 1:120 అని ఉంది. ఉమ్మనీరు తీసి పరీక్ష చేయిస్తే మంచిదని మా డాక్టరమ్మ చెప్పారు. మా అత్తగారు నాకు సొంత మేనత్తే. సూది గుచ్చితే ఉన్నది కాస్తా పోతుంది, వద్దంటున్నారు. మా ఆయన ఏదీ తేల్చడం లేదు. నాలుగు రోజులుగా నాకు నిద్ర లేదు. ఈ పరీక్ష చేయించుకోవాలా? మెట్లెక్కి వస్తానని స్వామికి మొక్కుకున్నాను, ఇప్పుడు ఎక్కొచ్చా?
- ఒక సోదరి, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు ఆ రిపోర్టు తీసి ఇంకోసారి చూడండి. ఎర్ర అక్షరాలను కాసేపు వదిలేసి, వాటి పైన ఉన్న ఏజ్ రిస్క్ లైను చూడండి. 1:120 అనేది మీ రక్తం, మీ స్కాన్ ఏమీ చూడకుండా కేవలం మీ వయసును బట్టి వేసిన లెక్క. ఆ తర్వాత మీ రక్తంలోని రెండు పదార్థాల విలువలు, ఎన్‌టీ కొలత కలిపితే అది 1:160 అయింది (120 మందిలో ఒకరికి అన్నది 160 మందిలో ఒకరికి అయింది). అంటే మీ వయసుకు ఉండే రిస్కు ఈ పరీక్షల తర్వాత పెరగలేదు, తగ్గింది. ఈ మాట మీకు ఎవరూ చెప్పి ఉండరు. అందుకే నాలుగు రాత్రులు నిద్ర పోయింది.

మరి ఎర్ర అక్షరాలు ఎందుకు? ల్యాబులు మామూలుగా 1:250 దగ్గర ఒక గీత పెట్టుకుంటాయి. రిస్కు అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రతి రిపోర్టులోనూ కంప్యూటర్ ‘హై రిస్క్’ అని కొట్టేస్తుంది. 38 ఏళ్ల వాళ్లు వయసు వల్లే ఆ గీత దాటి ఉంటారు. రక్తం ఫలితం బాగున్నా చాలామందికి ఎరుపే వస్తుంది. ఇంకోలా చెబుతాను. అచ్చం మీలాంటి రిపోర్టు ఉన్న 160 మంది గర్భిణులు ఒక కల్యాణ మండపంలో కూర్చున్నారనుకోండి. వాళ్లలో 159 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ (బుద్ధి, శరీర ఎదుగుదల నెమ్మదిగా ఉండే పుట్టుకతో వచ్చే స్థితి) ఉండదు. ఒక బిడ్డకు ఉంటుంది. ఆ ఒక్కరు ఎవరన్నది ఈ రిపోర్టు చెప్పలేదు. అందుకే దీన్ని స్క్రీనింగ్ అంటారు, నిర్ధారణ అనరు.

అలాగని తీసి పక్కన పడేయమని చెప్పను. బిడ్డ పుట్టే నాటికి లెక్క చూస్తే 25 ఏళ్ల తల్లికి డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం 1200 మందికి పైగా ఉంటే ఒకరికి. 35కు సుమారు 350 మందిలో ఒకరికి, 38కి 180 మందిలో ఒకరికి, 40కి వంద మందిలో ఒకరికి. మీ రిపోర్టులో 120 అని ఉండటానికి కారణం, అది 12వ వారం నాటి లెక్క. అలాంటి గర్భాల్లో కొన్ని మధ్యలో వాటంతట అవే పోతాయి కాబట్టి కాన్పు నాటి రిస్కు కాస్త తక్కువగా ఉంటుంది.

ఆడపిల్ల పుట్టేటప్పుడే ఆమె అండాలు ఆమెలో ఉంటాయి. ఆమెతో పాటే వాటికీ వయసొస్తుంది. వయసైన అండం విడిపోయేటప్పుడు, కణాల్లో జన్యువులను మోసే క్రోమోజోముల్లో 21వది సరిగా విడిపడక బిడ్డకు రెండు బదులు మూడు చేరితే అది డౌన్ సిండ్రోమ్. మీరు తిన్నదాని వల్లో, గ్రహణం రోజు బయట తిరగడం వల్లో, ఎవరి పాపం వల్లో వచ్చేది కాదు. ఈ సంగతి మీ ఇంట్లో గట్టిగా చెప్పండి. ఎందుకంటే రిపోర్టు ఇలా రాగానే వేలు కోడలి వైపే చూపిస్తారు. మా ఓపీలో ఇది చూసి చూసి నాకు బాధేస్తుంది.

మీ ఉత్తరంలో ఒక విషయం రాయలేదు. కడుపు మామూలుగా నిలిచిందా, ట్రీట్‌మెంట్ వల్లా? ఐవీఎఫ్‌లో దాత అండం వాడి ఉంటే రిస్కు మీ వయసుతో లెక్కించకూడదు, అండం ఇచ్చిన ఆమె వయసుతో లెక్కించాలి. చాలామంది మొహమాటపడి ఇది దాస్తారు. లెక్క మొత్తం తప్పుతుంది. స్కాన్ గదిలో డాక్టరుకు ఒంటరిగా చెప్పినా చాలు.

ఇక పరీక్ష చేయించుకోవాలా అన్న ప్రశ్న. దానికి ముందు మీరూ మీ ఆయనా కూర్చుని ఇంకో ప్రశ్నకు జవాబు వెతకాలి. ‘ఉంది’ అని తేలితే మనం ఏం చేస్తాం? సంవత్సరం క్రితం పలమనేరు వైపు నుంచి ఒక జంట వచ్చారు. రిపోర్టును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరును చీర కొంగులో చుట్టి తెచ్చింది ఆమె. నేను పరీక్షల గురించి చెప్పడం మొదలు పెట్టగానే ఆపి, ‘మేడం, బిడ్డ ఎట్లున్నా మాదే. కానీ నాకు ముందే తెలియాల. ఆసుపత్రి, డబ్బు, మా అమ్మ.. అన్నీ చూసుకోవాల గదా’ అంది. ఆ రోజు అంత స్పష్టంగా మాట్లాడింది ఆమె ఒక్కతే. కొందరు గర్భం కొనసాగించలేమంటారు. కొందరు ఏదైనా కనేస్తాం, పరీక్షే వద్దంటారు. మూడూ సరైన జవాబులే. మీ డాక్టరమ్మ చెప్పింది సలహా. ఉమ్మనీరు పరీక్షకు ‘వద్దు’ అనే హక్కు మీకు పూర్తిగా ఉంది.

ముందే తెలిస్తే ఉపయోగం ఏమిటని అడగొచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. అది ముందే తెలిస్తే 20 వారాలు దాటాక బిడ్డ గుండెకు ప్రత్యేక స్కాన్ చేయించొచ్చు. కాన్పు ఎక్కడ పెట్టుకోవాలో ఆలోచించుకోవచ్చు. 2021 నుంచి తిరుపతిలోనే టీటీడీ వారి పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది. అంతకుముందు ఇలాంటి పిల్లల్ని ఎత్తుకుని చెన్నైకో బెంగళూరుకో పరుగెత్తేవాళ్లు.

మీ విషయంలో నాకు తోచింది చెబుతాను. మీ ఎన్‌టీ మామూలుగా ఉంది, ముక్కు ఎముక ఉంది, 11 ఏళ్లకు వచ్చిన గర్భం. నేనైతే ముందు ఎన్‌ఐపీటీ చేయించమంటాను. మీ చేతి నుంచి రక్తం తీస్తారు, అంతే. మాయ నుంచి మీ రక్తంలోకి చేరిన డీఎన్‌ఏ తునకల్ని లెక్కిస్తారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న వందమంది బిడ్డల్లో 99 మందిని పట్టుకుంటుంది. ఫలితానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. ఖర్చు వేలల్లో ఉంటుంది, ముందే కనుక్కోండి. బరువు ఎక్కువున్న వాళ్లకు ఒక్కోసారి ఫలితం రాదు, మళ్లీ రక్తం ఇవ్వాలి. లో రిస్క్ అని వచ్చి, 18-20 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ కూడా బాగుంటే సూది జోలికి వెళ్లనక్కర్లేదు. హై రిస్క్ అని వస్తే మాత్రం అదే తుది మాట అనుకోవద్దు. ఆ డీఎన్‌ఏ మాయది, నేరుగా బిడ్డది కాదు. ఉమ్మనీరు పరీక్ష చేయకుండా కేవలం ఎన్‌ఐపీటీ చూసి గర్భం తీయించుకోవడానికి దయచేసి ఒప్పుకోవద్దు.

‘నాకు ఈ రిస్కులు, శాతాలు వద్దు, అవునో కాదో కావాలి’ అనే మనస్తత్వం మీదైతే నేరుగా ఉమ్మనీరు పరీక్షకే వెళ్లండి. అందులో తప్పేమీ లేదు. ఒకవేళ మీ ఎన్‌టీ 3.5 ఎంఎం దాటి ఉంటే నేనే నేరుగా దానికి వెళ్లమనేదాన్ని. మాయ నుంచి చిన్న ముక్క తీసే సీవీఎస్ అనే పరీక్ష 11-13 వారాల్లో చేస్తారు. మీకు ఇప్పుడు ఆ గడువు దాదాపు అయిపోతోంది కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను.

మీ అత్తగారి భయం గురించి. ఆమెను తోసిపుచ్చకండి. 11 ఏళ్లు ఆమె కూడా ఎదురుచూశారు. వందమందిలో ఒకరికి గర్భం పోతుందన్న మాట 1986లో డెన్మార్క్‌లో వచ్చిన ఒక అధ్యయనం నుంచి వచ్చింది. ఆ అంకె ఇప్పటికీ తిరుగుతోంది. తర్వాతి అధ్యయనాల ప్రకారం అనుభవం ఉన్న చేతుల్లో ఈ పరీక్ష వల్ల పోయే గర్భాలు 200కు ఒకటి కన్నా తక్కువ. సున్నా మాత్రం కాదు. అందుకే చేసే డాక్టరును ‘మీరు ఇవి తరచుగా చేస్తుంటారా’ అని అడగండి. అడిగితే మంచి డాక్టరెవరూ ఏమీ అనుకోరు.

ఆ గదిలో ఏం జరుగుతుందో కూడా చెబుతాను, తెలియకే భయం పెరుగుతుంది. 16 వారాలు వచ్చాక చేస్తారు. మీరు పడుకుంటారు, పొట్ట మీద చల్లగా మందు తుడుస్తారు. స్కాన్ తెర మీద బిడ్డ కదులుతుంటుంది. బిడ్డకు దూరంగా, ఉమ్మనీరు నల్లగా కనిపించే చోటు చూసుకుని సన్నటి పొడవాటి సూది దించుతారు. తెర మీద అది తెల్లటి గీతలా మెరుస్తుంది, డాక్టరు కళ్లు ఆ గీత కొన మీదే ఉంటాయి. మొదట వచ్చే ఒకటి రెండు ఎంఎల్ పారేస్తారు, అందులో మీ కణాలు కలిసి ఉండొచ్చు. తర్వాత 15 నుంచి 20 ఎంఎల్ తీస్తారు. లేత పసుపు రంగులో, పలచటి గంజి తేటలా ఉంటుంది. ఒకట్రెండు నిమిషాల పని. నొప్పి మామూలు ఇంజెక్షన్ కన్నా కాస్త ఎక్కువ, పొత్తికడుపు పట్టేసినట్టు ఉంటుంది. చివర్లో బిడ్డ గుండె కొట్టుకోవడం మీకు చూపిస్తారు. చూపించకపోతే అడగండి. తీసిన నీళ్లు రెండు మూడు రోజుల్లో బిడ్డే తిరిగి నింపేస్తుంది.

పరగడుపున వెళ్లనక్కర్లేదు, టిఫిన్ తినే వెళ్లండి. బ్లడ్ గ్రూపు రిపోర్టు తప్పనిసరిగా తీసుకెళ్లండి. మీది నెగెటివ్, మీ ఆయనది పాజిటివ్ అయితే పరీక్ష కాగానే యాంటీ-డి ఇంజెక్షన్ (మీ రక్తం బిడ్డ రక్తం మీద పోరాడకుండా ఆపేది) వేయాలి. చిన్న ఊళ్లలో ఇది మర్చిపోవడం నేను చూశాను, మీరే గుర్తు చేయండి. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి రిపోర్టులు కూడా ఉండాలి. ఎకోస్ప్రిన్ లాంటి రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. తిరుపతిలో చేయించుకున్నా, మీకు 40 కిలోమీటర్లలోపే ఉన్న వేలూరులో చేయించుకున్నా తిరుగు ప్రయాణం బైకు మీద వద్దు. ఆ రోజు, మర్నాడు బరువులు ఎత్తకుండా విశ్రాంతి తీసుకుంటే చాలు. నెల్లాళ్లు మంచం మీదే ఉండాలనేది అపోహ. నీళ్లు కారినట్టు అనిపించినా, రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా, నొప్పి తగ్గకపోయినా రాత్రనక పగలనక ఆసుపత్రికి వెళ్లండి.

ముఖ్యమైన క్రోమోజోముల ఫలితం రెండు మూడు రోజుల్లో వస్తుంది. పూర్తి కేరియోటైప్‌కు (క్రోమోజోములన్నిటినీ చూసే పరీక్ష) కణాలను పెంచాలి కాబట్టి రెండు మూడు వారాలు. ఇక్కడే క్యాలెండర్ ముఖ్యం. 16వ వారంలో చేయించుకుంటే 19కి మొత్తం చేతికొస్తుంది. ఏటూ తేల్చక 20 దాకా సాగదీస్తే చివర్లో తొందర. 2021 సవరణ తర్వాత గర్భస్రావ చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. బిడ్డలో తీవ్ర లోపాలుంటే 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అది కూడా దాటితే మెడికల్ బోర్డు. మీ ఆయనతో ఈ తేదీలు కాగితం మీద రాసి మాట్లాడండి.

ఉమ్మనీరు పరీక్షను 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం కింద రిజిస్టరైన చోటే చేయాలి. 35 దాటిన వయసు ఆ చట్టమే అనుమతించిన కారణాల్లో ఒకటి. మీకు అర్థమయ్యే భాషలో లాభనష్టాలు చెప్పి, సంతకం తీసుకుని, ఆ అంగీకార పత్రం కాపీ మీకు ఇవ్వాలి. బిడ్డ ఆడా మగా అన్నది ఎవరూ అడగకూడదు, వాళ్లు చెప్పకూడదు.

మేనత్త కొడుకునే చేసుకున్నానని రాశారు కదా. మన రాయలసీమలో ఇది మామూలు సంగతి. డౌన్ సిండ్రోమ్‌కు మేనరికంతో సంబంధం లేదు. కానీ తల్లిదండ్రులిద్దరిలో ఒకే లోపమున్న జన్యువు దాగి ఉంటే వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. సాధారణ దంపతుల్లో నూటికి ఇద్దరు ముగ్గురు బిడ్డలకు పుట్టుకతో ఏదో పెద్ద లోపం ఉంటే, ఇలాంటి మేనరికాల్లో అది దాదాపు రెట్టింపు. ఎన్‌ఐపీటీ గానీ, కేరియోటైప్ గానీ వీటిని చూడవు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి మూడు తరాల్లో పసితనంలోనే పోయిన పిల్లలు, పుట్టు మూగ చెవుడు, పదే పదే రక్తం ఎక్కించాల్సి వచ్చిన వాళ్లు ఎవరైనా ఉన్నారా రాసుకోండి. మీకు తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) కోసం హెచ్‌బీఏ2 అనే రక్త పరీక్ష ఇంకా చేయకపోతే ఈ వారమే చేయించండి. మీలో ఆ లక్షణం ఉంటేనే మీ ఆయనకూ చేస్తారు. ఈ వంశం సంగతులు మీ అత్తగారికన్నా బాగా ఎవరికి తెలుస్తాయి? ఆమె మీకు రెండు వైపులా మనిషి. జెనెటిక్ కౌన్సెలింగ్‌కు (వంశపారంపర్య జబ్బుల గురించి ఇచ్చే సలహా) వెళ్లేటప్పుడు ఆమెనూ వెంట తీసుకెళ్లండి. ‘వద్దు’ అనే మనిషిని బయట బెంచీ మీద కూర్చోబెడితే భయం అలాగే ఉండిపోతుంది. లోపలికి పిలిచి, ఆమె ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి.

తొలి కాన్పు, 35 దాటిన వయసు కాబట్టి బీపీ, షుగర్ మీద కూడా కన్నేసి ఉంచాలి. చిన్న మోతాదు ఆస్పిరిన్ అవసరమా అని 16 వారాల్లోపే మీ డాక్టరమ్మను అడగండి.

మొక్కు గురించి అడిగారు. అలిపిరి నుంచి 3550 మెట్లు. ఇప్పుడు వద్దమ్మా. కాన్పయి, ఒళ్లు కుదుటపడ్డాక ఎక్కుదురుగాని. అప్పటిదాకా ముడుపు కట్టి పూజ గదిలో పెట్టుకోండి. ఇది మీరు చదివేసరికి 13 వారాలు దాటి ఉంటాయి. ఎన్‌ఐపీటీకి వెళ్లదలిస్తే ఈ వారంలోనే రక్తం ఇచ్చేయండి.