జమ్మిచెట్టు మీది మూట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే మనుషుల మీద ఆరు కథలు రాశాను. ఒక్కోదానికి భారతంలో పాండవుల అజ్ఞాతవాసం చెప్పే విరాటపర్వంలోంచి ఒక పాత్రను తీసుకున్నాను. వంటమనిషికి భీమయ్య, డాన్స్ టీచరుకి బృహతి అని పేర్లు పెట్టాను. చదివినవాళ్లు 'పోలిక తెలుస్తోంది గానీ కథలు కలవలేదు' అంటున్నారు. లోపం ఎక్కడ?

జవాబు: సగం పేర్లలోనే ఉంది. భీమయ్య అనగానే పాఠకుడు భీముణ్ణి పోల్చుకుని ఊరుకుంటాడు. పేర్లు మార్చేసి, ఒక్కో పాత్ర నుంచి ఒక్క పనో, ఒక్క షరతో తీసుకోండి. విరాటుడి రాణి సుదేష్ణ దగ్గర పనికి కుదురుకునేటప్పుడు సైరంధ్రి, అంటే మారువేషంలో ఉన్న ద్రౌపది, ఎంగిలి తిననని, ఒకరి కాళ్లు కడగనని ముందే చెబుతుంది. పనిమనిషి కథకి అది చాలు. ఇంటావిడ రాత్రి మిగిలిన కూర గిన్నెలో పెట్టి ఇస్తుంది. పనిమనిషి గిన్నె మీద మూత పెట్టి, గట్టు మీదే వదిలేసి, చీపురందుకుంటుంది. ద్రౌపది ఊసే వద్దు. తెలిసినవాళ్లకి తడుతుంది, తెలియనివాళ్లకీ కథ కథగా నిలవాలి, అది ఇంకా ముఖ్యం.

ఇక కలపడం. ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన కథలు కలవవు, అన్నిటికీ తగిలే వస్తువొకటి కావాలి. పాండవులు ఆయుధాలు మూటగట్టి జమ్మిచెట్టెక్కించి, ఎవరూ దగ్గరికి రాకుండా శవాన్ని కూడా కట్టారు కదా. రాసేవాళ్లు మూటను వాడుకుని శవాన్ని వదిలేస్తుంటారు. పట్టంతా శవంలోనే ఉంది! అటక మీద ట్రంకు పెట్టె ఉందనుకోండి: దాన్ని ఎవరూ ఎందుకు ముట్టుకోరు? ఆ కారణం మీకు ముందే తెలియాలి. మొదటి కథలో పెట్టె ఒక్క వాక్యంలో కనబడాలి, మూడోదాంట్లో ఎవరో పక్కకి జరపాలి, ఐదోదాంట్లో తెరవాలి. తెరిచేది సొంతదారు కాకూడదు. భారతంలో చెట్టెక్కింది శవాన్ని చూసి వెనకాడిన విరాటుడి కొడుకు ఉత్తరుడు, బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు కాదు. ఆరో కథ పెట్టె తెరిచిన మర్నాటిది.

తర్వాత ఒక పట్టిక గీయండి. అడ్డంగా ఆరు కథలు, నిలువుగా మనుషులు. ఒక్కో గడిలో ఆ నాటికి ఆ మనిషి వయసు, పెట్టె గురించి అతనికి తెలిసినంత. రెండు తప్పులు అక్కడే దొరుకుతాయి: వయసులు పొసగకపోవడం, నాలుగో కథలో తెలియాల్సింది రెండో కథలోనే ఎవరో మాట్లాడేయడం. ఏ కథనైనా మిగతావి చదవనివాళ్లకి ఇచ్చి చూడండి. 'ఈయనెవరు?' అని అడిగితే అక్కడ ఒక్క వాక్యం పరిచయం కావాలి. అంతకు మించితే అన్నీ చదివేవాళ్లకి విసుగు.

ప్రశ్న: పురాణ కథ తెలియనివాళ్ల కోసం అడుగున వివరణ ఇవ్వాలా?

జవాబు: వద్దు. తప్పనిసరైతే పాత్రల్లో ఒకరి నోట రెండు మాటల్లో చెప్పించండి, అదీ వాళ్లకి గుర్తున్నట్టుగా. మీరు మాత్రం మూలం చదివే రాయండి. తిక్కన తన 15 పర్వాలకి శ్రీకారం చుట్టింది విరాటపర్వంతోనే, అందులో ఉన్నవి 5 ఆశ్వాసాలు (అధ్యాయాలు). పని అడిగే మాటలు, కుదుర్చుకునే మాటలు మొదటి ఆశ్వాసంలో దొరుకుతాయి.