పాత కారు: ఖర్చు పెట్టాలా, వదులుకోవాలా?

ప్రశ్న: మాది 2011 మోడల్ వ్యాగన్ఆర్, పెట్రోలు బండి. 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. కాకినాడలో సముద్రానికి దగ్గర్లో ఉంటాం, కారు ఆరుబయటే పెడతాం. గత నెల రాజమండ్రి వెళ్తుంటే దారిలో వేడెక్కి ఆగిపోయింది. నీళ్లు పోసుకుంటూ ఎలాగో ఇంటికి చేర్చాం. హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజిన్ దించి మొత్తం ఓవర్‌హాల్ చేయాలి, 65,000 అవుతుంది అంటున్నారు మెకానిక్. అమ్మితే లక్షా పాతిక వస్తే ఎక్కువ. ఆర్సీ గడువు ఇంకో పది నెలలే ఉంది. పెట్టమంటారా?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఇంజిన్ సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు బండి అడుగు భాగం చూడండి. ఇంజిన్ ఎంత పాడైనా బాగుచేయొచ్చు. ఉప్పుగాలికి తినేసిన బాడీని మాత్రం నమ్మకంగా బాగుచేయడం కష్టం. కారును లిఫ్ట్ మీదికి ఎక్కించి నాలుగు చోట్లు చూడమనండి: తలుపుల కింది అంచు, జాకీ పెట్టే చోటు, ముందు షాక్ అబ్జార్బర్లు పైన బిగించే గుండ్రటి గిన్నెలు, వెనక యాక్సిల్ బాడీకి కలిసే చోటు. తర్వాత లోపల మ్యాట్లు ఎత్తి ఫ్లోర్ చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో కొడితే గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు డొల్లగా మోగుతుంది, పొట్టు రాలుతుంది. మొనతో నొక్కితే లోపలికి దిగిందంటే ఆ బండి మీద 65,000 కాదు, 15,000 కూడా పెట్టొద్దు. తలుపు మీదో మడ్‌గార్డ్ మీదో పైపైన తుప్పు ఉంటే భయం లేదు, అది టింకరింగ్‌తో పోతుంది. షాక్ గిన్నెలు, యాక్సిల్ బిగింపులు అలా కాదు. గుంతలో పడ్డప్పుడు బరువంతా మోసేవి అవే.

బాడీ గట్టిగా ఉందనుకుందాం. ఇప్పుడు ఆ 65,000 దేనికో తేల్చాలి. గ్యాస్కెట్ అంటే ఇంజిన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే పలచటి సీలు. అది పోయినంత మాత్రాన ఇంజిన్ మొత్తం విప్పాల్సిన పని లేదు. పొద్దున ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి నీళ్లు అంచుదాకా నింపండి, స్టార్ట్ చేయండి. వేడి మీద మాత్రం మూత ముట్టుకోవద్దు, మొహం కాలుతుంది. మొదట్లో నాలుగు బుడగలు రావడం మామూలే. అవి ఆగకుండా వస్తూ, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా పొంగితే సిలిండర్‌లోని గ్యాస్ నీళ్లలోకి దూరుతోందన్నమాట. మూత బిగించి నడిపినప్పుడు నిమిషంలోపే రేడియేటర్ పై గొట్టం రాయిలా బిగుసుకుపోయినా అర్థం అదే. ఆయిల్ పోసే మూత కింద పాలమీగడలాంటి నురగ ఉందా చూడండి. అయితే రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికి చెమ్మ వల్ల కూడా ఆ నురగ పడుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలూ కాఫీ రంగులో ఉంటేనే నీళ్లు కలిసినట్టు లెక్క.

తర్వాత కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలవడం. మీ బండిలోది కె10బి ఇంజిన్, 998 సీసీ, మూడు సిలిండర్లు. మూడు ప్లగ్‌లూ తీయించి, పెట్రోలు రాకుండా ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కు గేజ్ పెట్టి నాలుగైదు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. బ్యాటరీ బలంగా లేకపోతే అంకెలు తప్పొస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్ మామూలుగా 150 నుంచి 200 పీఎస్ఐ చూపిస్తుంది. అంకె ఎంతుందన్న దానికంటే మూడూ దగ్గరదగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం. పక్కపక్క సిలిండర్లు రెండూ బాగా తగ్గితే వాటి మధ్య గ్యాస్కెట్ కాలినట్టు. ఒక్కటే తగ్గితే అందులో ఒక టీ స్పూన్ ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే పిస్టన్ చుట్టూ బిగువుగా ఉండే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదు, లేదా గ్యాస్కెట్. మీ విషయంలో ఈ ఆయిల్ పరీక్ష తప్పనిసరి. వేడెక్కిన ఇంజిన్‌ను నీళ్లు పోసుకుంటూ నడిపారు కాబట్టి రింగుల బిగువు పోయి ఉండొచ్చు. వెంటనే ఆపి లాగించుకుని వచ్చి ఉంటే ఈ అనుమానం ఉండేది కాదు.

రింగులు బాగున్నాయని తేలితే కింది భాగం ముట్టుకోనక్కర్లేదు. హెడ్ పని ఒక్కటే చాలు. హెడ్ విప్పాక లేత్ షాపుకు పంపే ముందు మీరు దగ్గరుండండి. ఉక్కు స్కేలును హెడ్ మీద నిలువుగా, అడ్డంగా, ఐమూలగా ఆనించి, సందులో ఫీలర్ గేజ్ దూరుస్తారు. 0.05 మిల్లీమీటర్ల ఆకు దూరిపోతే హెడ్ వంగినట్టే, ఫేసింగ్ (లేత్ మీద సమంగా చెక్కడం) చేయించాలి. పగుళ్లకు ప్రెషర్ టెస్ట్ కూడా చేయమనండి. అది ఎగ్గొడితే నెల తిరక్కుండా అదే బాధ మళ్లీ వస్తుంది. అసలు వేడెక్కింది ఎందుకో కనుక్కోకుండా గ్యాస్కెట్ వేసినా అంతే: థర్మోస్టాట్, రేడియేటర్ ఫ్యాన్ మోటారు, దాని రిలే, రేడియేటర్ మూత అన్నీ చూడాలి. ఇన్నాళ్లూ కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి ఉంటే రేడియేటర్ గొట్టాల్లో పెచ్చు కట్టి ఉంటుంది. శుభ్రం చేస్తే పోకపోతే మార్చేయండి.

కాబట్టి మెకానిక్‌ను రెండు అంచనాలు విడివిడిగా రాసిమ్మనండి, హెడ్ వరకు ఒకటి, మొత్తానికి ఒకటి. ఇక డబ్బు లెక్క. బండి ఎంతకు అమ్ముడవుతుందన్న దాంతో రిపేరును పోల్చొద్దు. ఆ రిపేరు ఎన్ని నెలలు నడిపిస్తుందో చూడండి. 65,000 పెట్టి మూడేళ్లు నడిపితే నెలకు సుమారు 1,800. వేరే బండికి 3 లక్షలు 11 శాతం వడ్డీకి మూడేళ్ల అప్పు తీసుకుంటే నెల వాయిదాయే 9,800 దాకా ఉంటుంది. అయితే ఈ లెక్కలో రాబోయే ఖర్చులనూ కలపాలి: క్లచ్, బ్యాటరీ, టైర్లు. టైరు మీది నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. అంత పాతదైతే పైన గాట్లు అరగకపోయినా మార్చాల్సిందే.

ఆర్సీ పునరుద్ధరణకు ఫారం 25 పెట్టాలి, గడువుకు 60 రోజుల ముందు నుంచి తీసుకుంటారు. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన, 20 ఏళ్లు నిండని కారుకు ఫీజు 5,000. గ్రీన్ ట్యాక్స్ వేరు. ఫిట్‌నెస్ పాసైతే అయిదేళ్లు పొడిగిస్తారు. తుప్పు పట్టిన బండి ఆగిపోయేది అక్కడే. అందుకే ముందు అడుగు భాగం చూడమన్నాను.

ప్రశ్న: 2013 డీజిల్ స్విఫ్ట్, 1,60,000 కి.మీ. ఆయిల్ తగ్గుతోంది, నీలం పొగ వస్తోంది. టర్బో మార్చాలంటున్నారు. నిజమేనా?
- హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కావచ్చు, కానీ పొగ ఎప్పుడు వస్తోందో చూడకుండా టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) కొనకండి. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పు వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు. లోడు మీద ఎత్తు ఎక్కుతున్నంతసేపూ వస్తుంటే రింగులు లేదా టర్బో. టర్బోకు గాలి తెచ్చే గొట్టం విప్పి లోపలి షాఫ్టును వేళ్లతో పట్టుకుని కదపండి. పక్కకు కొద్దిగా ఊగితే ఫర్వాలేదు. ముందుకూ వెనక్కూ కదిలినా, రెక్కలు చుట్టూ ఉన్న గోడకు రాసుకున్న గీతలు ఉన్నా టర్బో అయిపోయినట్టే. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టంలో తడి మరకలు మామూలే. వంచితే ఆయిల్ కారితే మామూలు కాదు.

మార్చేటప్పుడు టర్బోకు ఆయిల్ తెచ్చే సన్నటి పైపును, తిరిగి తీసుకెళ్లే పైపును కూడా శుభ్రం చేయించండి లేదా కొత్తవి వేయించండి. ఆయిల్, ఫిల్టర్ కొత్తవి పడాలి, ఇంటర్‌కూలర్‌లో నిలిచిన ఆయిల్ పూర్తిగా కడిగించాలి. పాత పైపులో గడ్డకట్టిన మసి కొత్త టర్బోను కొద్ది రోజుల్లోనే మింగేస్తుంది. బాధ్యత లేని చోట జరిగే తప్పు ఇదే. బయటి డొప్ప బాగుంటే లోపలి కార్ట్రిడ్జ్ (షాఫ్టు, రెక్కలు ఉన్న భాగం) ఒక్కటే మార్చొచ్చు, ఖర్చు బాగా తగ్గుతుంది.

ఈ లోపు ఒక జాగ్రత్త. ఆయిల్ ఎక్కువగా లీకైతే డీజిల్ ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా మండించుకుని దానంతటదే రేజ్ అయిపోతుంది, తాళం తిప్పినా ఆగదు. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలేసి ఇంజిన్‌ను ఆపేయాలి. ఇంట్లో ఆ బండి నడిపే ప్రతి ఒక్కరికీ ఇది చెప్పండి.

ప్రశ్న: మా పాత కారుకు రిపేరు దండగని తేలింది. పాత ఇనుము వాడు నగదిచ్చి పట్టుకెళ్తానంటున్నాడు. ఇచ్చేయొచ్చా?
- వరంగల్ నుంచి

జవాబు: ఇవ్వొద్దు. ఆర్సీ రద్దు కానంతవరకు ఆ బండి మీ పేరు మీదే ఉంటుంది. దాని నంబరు ప్లేటు వేరే బండికి వెళ్తే పోలీసులు వచ్చేది మీ ఇంటికే. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి. ఆ సర్టిఫికెట్‌తో కొనే కొత్త సొంత కారు పన్నులో 25 శాతం వరకు రాయితీకి కేంద్ర నిబంధనల్లో వీలుంది. మన దగ్గర ఎంత అమలవుతోందో రవాణా కార్యాలయంలో అడగండి. అప్పు ఉంటే ముందు బ్యాంకు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి. పెండింగ్ చలాన్లు కట్టేయాలి. ఫాస్టాగ్ తీసేసి ఖాతా మూయించడం మర్చిపోవద్దు.