క్యూ తర్వాత యూ రాని ఇంగ్లీష్ పదాలు ఉన్నాయా? ఉంటే వాటి అర్థాలేమిటి?

ఉన్నాయండీ, బోలెడున్నాయి. స్క్రాబుల్ అంటే అక్షరాల బిళ్లలతో బోర్డు మీద పదాలు పేర్చే ఆట. అది ఆడే మాలాంటివాళ్లకి పరువు నిలబెట్టేవే ఈ పదాలు. ఆటలో మొత్తం 100 బిళ్లలుంటాయి. అందులో క్యూ ఒక్కటే, దాని విలువ 10 పాయింట్లు. యూలు నాలుగే. క్యూ మన చేతికొచ్చి, యూలన్నీ అప్పటికే బోర్డెక్కేశాయంటే టెన్షన్ మొదలైనట్టే. చివరిదాకా అది వదలకపోతే మన స్కోరులోంచి 10 పోతాయి. ఎదుటివాళ్లు బిళ్లలన్నీ అయిపోగొట్టి ఆట ముగిస్తే ఆ 10 వాళ్లకి కలుస్తాయి కూడా.

మొట్టమొదట నేర్చుకోవాల్సింది రెండక్షరాల పదం: క్యూ, ఐ. పలకడం మాత్రం ‘చీ’ అని. చైనావాళ్లు ఒంట్లో ప్రవహిస్తుందని చెప్పే ప్రాణశక్తి అది. చైనా భాషని ఇంగ్లీష్ అక్షరాల్లో రాయడానికి 1958లో తెచ్చిన పిన్‌యిన్ పద్ధతిలో క్యూ అంటే ‘చ’ లాంటి శబ్దం, అందుకే ఈ వింత స్పెల్లింగ్. ఆటలో చెల్లే పదాల అమెరికా జాబితాలోకి ఇది 2006లో వచ్చింది.

మా బావగారితో ఆడుతున్నప్పుడు ఒకసారి నా అదృష్టం పండింది. ఒక గడికి కుడిపక్కన ఒక ఐ, కింద ఇంకో ఐ ఉన్నాయి. ఆ గడేమో అక్షరం విలువని మూడింతలు చేసేది. అక్కడ క్యూ ఒక్కటి పెట్టాను. మూడింతలైన క్యూకి 30, ఐకి 1, అంటే అడ్డంగా 31, నిలువుగా 31, ఒక్క బిళ్లకి 62 పాయింట్లు! ‘‘యూ ఏదోయ్? సగం పదం పెట్టి పాయింట్లు అడుగుతున్నావా?’’ అని ఆయన గొడవ. ఫోన్‌లో చూపిస్తే గానీ ఒప్పుకోలేదు.

అసలు క్యూ వెనకే యూ ఎందుకు తిరుగుతుందంటే, అది లాటిన్ నుంచి వచ్చిన అలవాటు. పాత ఇంగ్లీష్‌లో క్వీన్ అన్న మాటని సీ, డబ్ల్యూలతో మొదలుపెట్టి రాసేవాళ్లు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక, వాళ్ల లేఖకుల చేతుల్లో అది క్యూ, యూ అయింది. కాబట్టి యూ లేకుండా క్యూ కనిపించిందంటే ఆ పదం బయటి నుంచి వచ్చిందని దాదాపు ఖాయం. అరబిక్, హీబ్రూ, చైనా భాష, ఎస్కిమోల భాష, ఇలా ఎక్కడెక్కడినుంచో వచ్చి చేరాయి.

మనకి కలిసొచ్చేది అరబిక్ వాటా. గొంతు లోపలినుంచి పలికే ‘క’ ఒకటుంది అరబిక్‌లో, దాన్ని ఇంగ్లీష్‌లో క్యూతో రాస్తారు. ఆ మాటలు ఉర్దూ మీదుగా మన చెవిన ఎప్పుడో పడ్డాయి. ఫకీరు, బురఖా, నిఖాబ్, ఖవ్వాలీ, ఖాజీ, వక్ఫ్, తలాఖ్, ఆఖరికి అరబిక్ కాకపోయినా, తుర్కీ నుంచి ఉర్దూలోకి వచ్చిన మన పరోటా కుర్మా కూడా! ఇవన్నీ క్యూ ఉండి, దాని వెనక యూ లేని స్పెల్లింగ్‌తో కాలిన్స్ జాబితాలో (అమెరికా బయట ఎక్కువగా వాడే స్క్రాబుల్ పదాల జాబితా) ఉన్నాయి. అర్థాలు మీకు నేను చెప్పక్కర్లేదు. నమాజు చేసేటప్పుడు తిరిగే మక్కా దిక్కు ‘ఖిబ్లా’, ఇస్లామిక్ ధర్మశాస్త్రం ‘ఫిఖ్’, అరబ్బుల బజారు ‘సూఖ్’ కూడా ఉన్నాయి. ఈ చివరిదాని స్పెల్లింగ్ ఎస్, యూ, క్యూ. యూ ఉంది గానీ ముందుంది, చూశారా!

మా బావగారు నిజామాబాద్‌లో ఉర్దూ నేర్చుకున్న మనిషి. ఆయన ఈ మాటల్ని బట్టీ పట్టరు. బిళ్లలు చేతిలో పట్టుకుని ‘‘వక్ఫ్‌కి క్యూయా, కేయా?’’ అని నన్నే అడిగి, నేను నీళ్లు నములుతుంటే పెట్టేస్తారు. మామూలు గళ్లలో పెట్టినా దానికి 19 పాయింట్లు. మనకొచ్చే చిక్కల్లా ఈ స్పెల్లింగే. హైదరాబాద్ దక్కనీలో ఈ గొంతు ‘క’ని కూడా ‘ఖ’ అనేస్తారు కాబట్టి తెలుగులో ‘ఖ’ కనిపించిన చోటల్లా క్యూ పెడితే కుదరదు. ఖాన్‌లో ఉన్నది వేరే అక్షరం, అది కే, హెచ్. ఒక ఊరట ఏమిటంటే ఫకీరు, బురఖా, కుర్మా మూడూ కేతో రాసినా చెల్లుతాయి.

ఇక బొత్తిగా కొత్తవి. ‘ఖాత్’ (క్యూ, ఏ, టీ) అంటే యెమెన్‌లో బుగ్గన పెట్టుకుని నమిలే ఆకు, హుషారెక్కిస్తుంది. ‘కోఫ్’ (క్యూ, ఓ, పీ, హెచ్) హీబ్రూలో ఒక అక్షరం. ‘కపిక్’ అజర్‌బైజాన్ చిల్లర నాణెం, ‘కింటార్’ ఒకప్పుడు అల్బేనియాది. ‘ఉమియాక్’ (యూ, ఎమ్, ఐ, ఏ, క్యూ) ఎస్కిమోలు తోలుతో కట్టే పడవ. ‘ట్రాంక్’ మాత్రం వీటిలో అచ్చంగా ఇంగ్లీష్‌దే. ట్రాంక్విలైజర్ అనే మత్తుమందు మాటని సగంలో కోసేశారు, యూ ఆ కోతలో పోయింది. ‘క్వెర్టీ’ కీబోర్డు పైవరసలోని మొదటి ఆరు అక్షరాలు. ఇది మీరు రోజూ చూసేదే.

నాకు వీటన్నిట్లో ఇష్టమైనది ‘కనాత్’ (క్యూ, ఏ, ఎన్, ఏ, టీ). ఇరాన్‌లో కొండ వాలులో దొరికే భూగర్భ జలాన్ని, కొద్దికొద్దిగా కిందికి వాలుతూ పోయే సొరంగం తవ్వి ఊరిదాకా తెస్తారు. మోటారూ ఉండదు, ఏతమూ ఉండదు, పల్లానికి నీళ్లు వాటంతట అవే పారతాయి. పైనుంచి చూస్తే వరసగా బావుల మూతుల్లా కనిపిస్తాయి. అవి మట్టి ఎత్తిపోయడానికీ గాలి ఆడడానికీ తవ్విన గుంతలు. ఇరాన్‌లోని పదకొండు కనాత్‌లకి 2016లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అంత దూరం వెళ్లక్కర్లేదు, జహీరాబాద్ దాటి బీదర్ వెళ్తే బహమనీల కాలంనాటిది నౌబాద్ దగ్గర ఉంది. అక్కడ దాన్ని కరేజ్ అంటారు.

ఇరాక్, ఖతార్ లాంటి దేశాల పేర్లు, క్వాంటాస్ లాంటి కంపెనీ పేర్లు స్క్రాబుల్‌లో చెల్లవు. మీరు అడిగింది ఆట కోసమైతే ముందు చీ, ఖాత్, సూఖ్ నేర్చుకోండి, తర్వాత ఉర్దూ మాటల స్పెల్లింగులు చూసుకోండి. అమెరికాలో ఉన్నవాళ్లయితే ఒక్క జాగ్రత్త: అక్కడి జాబితా వేరు. కాలిన్స్‌లో ఉన్నవన్నీ అందులో ఉండవు కాబట్టి, ఆట మొదలుపెట్టేముందే ఏ జాబితాతో ఆడుతున్నారో ఒప్పందం చేసుకోండి.