ఆకాశం లెక్కలు నేర్చుకుంటానన్న బిడ్డకు

బిడ్డా,

గ్రహాల లెక్కలు కంప్యూటర్ మీద చేసుడు నేర్చుకుంటానని, ఏ కోర్సులో చేరాల్నో చెప్పమని అడిగినవ్. చాలా సంతోషమైంది. కోర్సు సంగతి తర్వాత చూద్దాం. నల్లగొండలో ఉండి కాలేజీ ల్యాబులో ఒక కంప్యూటర్ దొరికితే మొదలుపెట్టనీకి చాలు. ప్రోగ్రాంలు రాసే భాష పైథాన్ ఉచితం, అందులో ఆకాశం లెక్కలకు పనికొచ్చే ఆస్ట్రోపై కూడా ఉచితం. నాసా వాళ్ల హొరైజన్స్ అనే వెబ్‌సైటులో ఏ గ్రహం ఏ రోజు ఎక్కడుంటదో ఎవరైనా చూసుకోవచ్చు. సామానుకు కొదువ లేదు. పట్టుబట్టి నేర్వాల్సింది ఒకటే: స్క్రీన్ మీద పడ్డ అంకెను ఇంకో దారిలో సరిచూసేదాకా నమ్మకు.

మొదటి లెక్క మన ఊరిదే పెట్టుకో. నల్లగొండ అక్షాంశం దాదాపు 17.05 డిగ్రీలు. సూర్యుని క్రాంతి (భూమధ్యరేఖకు సూర్యుడు ఎన్ని డిగ్రీలు ఉత్తరానికో దక్షిణానికో ఉన్నడో చెప్పే కోణం) కూడా అంతే అయిన రోజు మిట్టమధ్యాహ్నం నిటారు కట్టెకు నీడ పడదు. క్రాంతికి ఒక చిన్న ఉజ్జాయింపు సూత్రముంది. ఏడాదిలో అది ఎన్నో రోజో ఆ అంకెలోంచి 81 తీసెయ్యి, మిగిలినదాన్ని 360/365తో గుణించు, ఆ కోణం సైన్‌ను 23.44తో గుణించు. మే 8 అంటే 128వ రోజు. కాగితం మీద చేస్తే 16.96 వస్తది, మరునాటికి 17.24. అంటే నీడ మాయమయ్యేది ఆ రోజుల్లోనే. మళ్ల ఆగస్టు 4, 5 తారీకులల్ల.

ఎన్ని గంటలకు? మన రేఖాంశం 79.27, గడియారం నడిచేదేమో 82.5 మీద. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన మనకు దాదాపు 13 నిమిషాల ఆలస్యం. మే 8 దగ్గర సూర్యుడు మూడున్నర నిమిషాలు ముందుంటడు, ఆగస్టు మొదట్లో ఆరు నిమిషాలు వెనకుంటడు. కాబట్టి మేలో 12:09 దాటినంక, ఆగస్టులో 12:19 ప్రాంతంలో చూడాలె. డాబా మీద పైపు ముక్క నిలబెట్టి, మేస్త్రీలు వాడే దారం గుండుతో నిటారు సరిచూసుకో. మహబూబ్‌నగర్ అక్షాంశం 16.74. అక్కడ మేలో ఒక రోజు ముందు, ఆగస్టులో ఒక రోజు తర్వాత అని లెక్క చెప్తది. మీ అత్తోళ్లను కూడా చూడమను. అయితే సూర్యబింబమే అర డిగ్రీ వెడల్పు ఉంటది కాబట్టి కట్టె నీడతో ఒక్క రోజు తేడా పట్టుడు కష్టం. నీ కొలత ఎంత సన్నపు తేడాను పట్టగలదో ముందుగాల రాసిపెట్టుకో. అది రాయని లెక్క సగం లెక్కే.

ఆ తర్వాత కెప్లర్ సమీకరణం పట్టు. కక్ష్యలో గ్రహం ఎక్కడుందో చెప్పే కోణం మనకు కావాలె. ఆ కోణం సైన్‌ను ఉత్కేంద్రతతో (కక్ష్య గుండ్రం నుంచి ఎంత సాగిందో చెప్పే అంకె) గుణించి, ఆ కోణంలోంచే తీసేస్తే, గడిచిన కాలానికి సరిపడే కోణం రావాలె. తెలియని కోణం సైన్ లోపల కూడా ఉంది, బీజగణితంతో బయటికి రాదు. అందుకే ఊహించి, దిద్దుకుంటూ పోతం: ఊహ సైన్‌ను ఉత్కేంద్రతతో గుణించి కాలం కోణానికి కలిపితే కొత్త ఊహ. కుజుని ఉత్కేంద్రత 0.0934. కాలం కోణం 90 డిగ్రీలు, అంటే 1.5708 రేడియన్లు అనుకో. మొదటి ఊహ అదే. దిద్దితే 1.6642, మళ్ల దిద్దితే 1.6638, ఇగ కదలదు. ఇది కాలిక్యులేటర్‌తో నీ చేత్తో చెయ్యి, ఆ తర్వాతే లూప్ (అదే పనిని మళ్లమళ్ల చేయించే ప్రోగ్రాం ముక్క) రాయి. అదే పద్ధతి హేలీ తోకచుక్కకు పెట్టి చూడు. దాని ఉత్కేంద్రత 0.967. సూర్యుని దగ్గరికొచ్చినప్పుడు దిద్దుబాటు నత్తనడక నడుస్తది. అప్పుడు వాలును చూసి తొందరగ దిద్దే న్యూటన్-రాఫ్సన్ పద్ధతి విలువ తెలుస్తది. అదీ మొదటి ఊహ బాగలేకుంటే దారి తప్పుతది. కాలం కోణం 0కు, 180కి మధ్య ఉన్నప్పుడు 180 డిగ్రీల నుంచి మొదలుపెట్టు, తప్పకుండ దొరుకుతది.

హేలీ పేరొచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలె. పారిస్‌లో క్లేరో, లలాండ్, లెపోట్ అనే ఆమె, ముగ్గురూ కలిసి ఆ తోకచుక్క రాకను చేత్తో లెక్కగట్టిండ్రు. బృహస్పతి, శని లాగుడుతో 618 రోజులు ఆలస్యమైతదని తేల్చి, 1759 ఏప్రిల్ మధ్యలో, నెల అటూ ఇటూగా సూర్యుని దగ్గరికొస్తదని 1758 నవంబరులో ప్రకటించిండ్రు. అది మార్చి 13న వచ్చింది. ఆ "నెల అటూ ఇటూ" అని ముందే చెప్పినందుకే వాళ్లంటే నాకు అంత గౌరవం. నువ్వు ఏ జవాబు రాసినా పక్కన ఎంత తప్పొచ్చో కూడా రాయి.

మూడోది, భూమిని సూర్యుని చుట్టూ తిప్పే ప్రోగ్రాం. మీటర్లు, సెకన్లు వద్దు. దూరానికి భూమి-సూర్యుల దూరం, కాలానికి ఏడాది పెట్టుకుంటే గురుత్వ స్థిరాంకాన్ని సూర్యుని ద్రవ్యరాశితో గుణిస్తే 39.478 అవుతది. అంకెలు చిన్నగుంటే తప్పు కంటికి కనపడతది. ముందు ఆయిలర్ పద్ధతిలో రాయి, అంటే ఇప్పటి స్థానం, వేగంతోనే తర్వాతి స్టెప్పు (చిన్న కాలం ముక్క) లెక్కగట్టుడు. భూమి మెల్లగ బయటికి జారిపోతది, శక్తి పెరుగుకుంటూ పోతది. ప్రోగ్రాంలో తప్పేం లేదు, పద్ధతి గుణమే అది. వేగాన్ని అర స్టెప్పు దగ్గర లెక్కగట్టే లీప్‌ఫ్రాగ్‌కు మారితే వెయ్యి ఏండ్లు తిప్పినా శక్తి కొద్దిగ అటూ ఇటూ ఊగుడే గాని కొట్టుకపోదు. రెండింటికీ స్టెప్పు సగం చేసి చూడు. ఆయిలర్ తప్పు సగమైతది, లీప్‌ఫ్రాగ్‌ది నాలుగో వంతుకు పడిపోతది. అట్ల పడకుంటే ఎక్కడో తప్పు రాసినవ్.

చిన్న జాగ్రత్తలు: పైథాన్ సైన్‌కు రేడియన్లే ఇయ్యాలె. మన టైంలోంచి అయిదున్నర గంటలు తీసేసినంకనే జూలియన్ రోజుకు (తారీకు బదులు ఖగోళ లెక్కల్లో వాడే వరుస రోజుల అంకె) మార్చు. గ్రీనిచ్ టైంలో 2000 జనవరి 1 మధ్యాహ్నం 12కు (మన టైంలో సాయంత్రం అయిదున్నరకు) 2451545 రావాలె, రాకుంటే ముందుకు పోకు.

ఈ మూడూ చేతికొచ్చినంక ఏ కోర్సైనా చేరు, వారం వారం లెక్కలిచ్చి దిద్దేదైతే చాలు. వీడియోలు మాత్రమే ఉన్నదానికి పైసలు కట్టకు. ఎక్కడన్న ఆగిపోతే ప్రోగ్రాం పంపకు, చేత్తో చేసిన కాగితం ఫోటో తీసి వాట్సాప్ పెట్టు. ఆదివారం పొద్దున నేను ఖాళీగనే ఉంట.

మీ పెదనాయిన